రాగి గొట్టం ఎందుకు పగులుతుంది? ఇండక్షన్ వేడితో దానిని మెత్తబరచే విధానం

పాలసంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మేము తప్పక ఆగి చూసే పద్దు ఒకటి ఉన్నది. అది 'యంత్రముల మరమ్మతులు'. పాల కొలతలో, వెన్నశాతంలో, చెల్లింపులలో తేడా వస్తే సభ్యులే అడుగుతారు. మరమ్మతుల పద్దును మాత్రం ఎవరూ అడగరు. మెకానిక్కు వచ్చాడు, ఏదో బిగించాడు, బిల్లు ఇచ్చాడు, వోచరు మీద సంతకం పడింది, అంతటితో సరి.

వికారాబాదు నుండి తాండూరు పోయే దారిలోని ఒక సంఘంలో ఈ పద్దు కింద ఒకే సంవత్సరంలో మూడుమార్లు 'గ్యాసు నింపినందుకు' అని వ్రాసి ఉండగా చూశాము. కూలరులోని గ్యాసు లాంతరులోని కిరోసిన్ వలె కాలి ఖర్చయ్యేది కాదు. కంప్రెసరు నెట్టగా మూసిన గొట్టాలలో తిరిగి, మళ్ళీ కంప్రెసరుకే చేరుతుంది. ఏళ్ళ తరబడి అదే గ్యాసు పని చేయాలి. నింపవలసి వచ్చినదంటే ఎక్కడో కారిపోతున్నదని అర్థం. ఒకసారి నింపితే మరమ్మతు అనుకోవచ్చు. కారే చోటు వెదకకుండా మూడుసార్లు నింపితే అది చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

మూడవసారి గ్యాసు పోయింది ఒక వేసవి రాత్రి. సాయంత్రం చేరిన 380 లీటర్ల పాలు 4 డిగ్రీలకు దిగవలసినవి దిగలేదు. పిండిన పాలు పశువు ఒంటి వేడితోనే, అంటే సుమారు 38 డిగ్రీలతో వస్తాయి. అది సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన వేడి. త్వరగా చల్లబరచకపోతే అవి గంట గంటకూ రెట్టింపు మీద రెట్టింపుగా పెరుగుతాయి. తెల్లవారి టాంకరు వచ్చి, నమూనా మరిగించి చూసేసరికి పాలు విరిగినవి. టాంకరులో ఎక్కించుకోలేదు. 380 లీటర్లూ కాలువ పాలైనవి.

పాలకవర్గం కూర్చుని, ఈ నష్టాన్ని కార్యదర్శి నుండి రాబట్టాలని తీర్మానం వ్రాసింది. రాత్రి ఉష్ణోగ్రత చూడలేదన్నది అభియోగం. 1964 సహకార సంఘాల చట్టం 60వ సెక్షను కింద సర్‌చార్జీ విధించడానికి వీలున్నదా అని మా అభిప్రాయం కోరారు. ఆ కార్యదర్శి జీతం ఎంతో వోచర్లలో చూసిన వాళ్ళము గనుక, ఈ మొత్తం కట్టాలంటే ఆయన ఇల్లు కొన్ని నెలలు జీతం లేకుండా నడవాలని మాకు తెలుసు. అయినా కాగితాల మీద చూస్తే తప్పు ఆయనదిగానే కనిపించింది. రిమార్కు సగం వ్రాశాము కూడా.

అప్పుడు ఆయన సొరుగులోనుండి జానెడు రాగి గొట్టం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. చివరిసారి వచ్చిన తాండూరు మెకానిక్కు కోసి తీసిన ముక్క అది. దాని మూతి ఉమ్మెత్త పువ్వు వలె విప్పి ఉన్నది. ఆ అంచున వెంట్రుక వంటి పగులు, మెడ దాకా. మెకానిక్కును పిలిపించి అడిగితే ఒక్క మాటలో చెప్పాడు: "గిది కడక్ మాల్ సార్. నరమ్ చెయ్యకుంటనే మూతి ఇప్పిన్రు. పగలక ఏం జేస్తది?"

కడక్ అంటే గట్టిది, నరమ్ అంటే మెత్తనిది. ఈ రెండు మాటల మధ్య తేడాయే ఈ వ్యాసానికి విషయం. మాకున్నది సహకార డిప్లొమాయే కాని ఇంజనీరింగు డిప్లొమా కాదు. అందుచేత తెలిసినవారిని అడిగి, పని జరిగే చోటికి పోయి చూసి వ్రాస్తున్నాము.

బల్క్ కూలరులో ట్యాంకు అడుగున చల్లబడే పలక ఉంటుంది. కంప్రెసరు పక్కన ఉంటుంది. ఈ రెంటినీ కలిపేవి రాగి గొట్టాలు. గొట్టాన్ని నట్టుతో బిగించాలంటే దాని మూతిని 45 డిగ్రీల వాలుకు విప్పాలి. దానినే ఫ్లేరు అంటారు. విప్పేటప్పుడు రాగి సాగాలి. మెత్తని రాగి సాగుతుంది. గట్టి రాగి సాగినట్టే సాగి, అంచున కంటికి కనిపించని చీలిక తెచ్చుకుంటుంది. ఆనాడు గ్యాసు నిలుస్తుంది. కంప్రెసరు అదురు రాత్రింబవళ్ళు తగులుతూ ఉంటే కొన్ని వారాలకు చీలిక పెరుగుతుంది, గ్యాసు మెల్లగా పోతుంది.

ఒకే రాగికి గట్టిదనం, మెత్తదనం రెండూ ఎట్లా వచ్చినవి? ఇత్తడి, రాగి పాత్రలు కొట్టే కంచరివారిని చూసినవారికి ఇది కొత్త కాదు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఈనాటికీ రేకు కొట్టి బొమ్మలు తీస్తారు. కాసేపు సుత్తి ఆడగానే రేకు బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే చీలుతుంది. అందుకని మధ్యలో కొలిమిలో పెట్టి కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొడతారు. రాగి తీగను ఒకేచోట అటూ ఇటూ వంచి చూడండి. మొదట సులువుగా వంగినది నాలుగో వంపుకు మొరాయిస్తుంది, తరువాత తెగుతుంది.

లోహం లోపల బెల్లం దిమ్మలోని పలుకుల వంటి రేణువులుంటాయి. కొట్టినా, సాగదీసినా, వంచినా ఆ రేణువులు నలిగి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ఇక జరగడానికి చోటుండదు. అదే గట్టిదనం. కర్మాగారంలో గొట్టాన్ని పెద్ద సైజు నుండి చిన్న సైజుకు అచ్చులగుండా లాగుతారు గనుక తయారైన గొట్టం సహజంగానే గట్టిగా ఉంటుంది. తగినంత వేడి తగిలితే నలిగిన రేణువుల స్థానంలో కొత్త రేణువులు పుడతాయి, బిగువు విడిపోతుంది. రాగి కరగడానికి 1083 డిగ్రీలు కావాలి. మెత్తబడడానికి అంత అక్కరలేదు, ఈ తరగతి గొట్టాలకు 450 నుండి 600 డిగ్రీల వేడి సరిపోతుంది. దీనినే అనీలింగు అంటారు.

ఇక్కడ రైతులు పొరబడే సంగతి ఒకటి ఉన్నది. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే అది గట్టిపడుతుంది. కనుక రాగిని కూడా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని అనుకుంటారు. కాదు. రాగి మెల్లగా చల్లారినా, నీళ్ళలో చల్లారినా మెత్తగానే ఉంటుంది. వేడి ఎంతవరకు ఎక్కినదన్నదే లెక్క.

గొట్టం తయారీ అంతా ఇట్లా లాగడం, మెత్తబరచడం అన్న రెండడుగుల నడకే. మన హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు విద్యుత్ కేంద్రాల కోసం జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు చేస్తారు. అక్కడ కూడా గొట్టాన్ని కొంత సన్నబరచి, గాలి లేని కొలిమిలో మెత్తబరచి, మళ్ళీ సన్నబరుస్తారు. లోహం మారవచ్చు, కొలిమి మారవచ్చు, నడక మారదు.

మెకానిక్కులు సాధారణంగా గ్యాసు మంటతో గొట్టం కొస కాలుస్తారు. పనికిరాదని అనలేము, అనుభవం ఉన్నవాడి చేతిలో పని జరుగుతుంది. కాని చిక్కులు చాలా. మంట ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తగులుతుంది. 500, 600 డిగ్రీల దగ్గర రాగి మసక ఎరుపు చీకట్లో తప్ప కనిపించదు. పట్టపగలు ఎండలో పనిచేసేవాడు ఎరుపు కనిపించేదాకా కాలిస్తే అప్పటికే వేడి మితిమీరి ఉంటుంది. అప్పుడు రేణువులు మరీ పెద్దవై, వంచినచోట పైభాగం కమలాపండు తొక్క వలె గరుకు తేలుతుంది, బలం తగ్గుతుంది. ఇంకొకటి: వేడెక్కిన రాగికి గాలి తగిలితే నల్లని పొక్కు కడుతుంది. గొట్టం లోపల కట్టిన పొక్కు రాలి, గ్యాసుతోపాటు పోయి, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని దారిలో ఇరుక్కుంటుంది. అందుకే తెలిసిన మెకానిక్కు కాల్చేటప్పుడు గొట్టంలో నైట్రోజన్ వదులుతాడు. ఇక పాత గ్యాసు గొట్టంలో ఉండగానే మంట చూపడం ప్రాణాపాయం. ఆ గ్యాసు మంటకు తగిలితే విషవాయువులు పుడతాయి. ఈ ముక్క అందరు కార్యదర్శులు గుర్తుంచుకోవలెను.

మంట లేకుండా వేడి పుట్టించే మార్గమే ఇండక్షన్. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే దీనికి మూలం. తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ దిశ మారుతుంటే చుట్ట మధ్యలోని అయస్కాంత బలం కూడా మారుతూ ఉంటుంది. ఆ మధ్యలో లోహపు గొట్టం పెడితే, చుట్ట దానికి తగలకపోయినా, గొట్టం గోడలోనే కరెంటు సుడులు తిరుగుతుంది. ఆ సుడులకు లోహం అడ్డుపడడం వలన లోహమే వేడెక్కుతుంది. పొయ్యి లేదు, మంట లేదు, మసి లేదు. వేడి బయటినుండి లోపలికి రాదు, గొట్టం గోడలోనే పుడుతుంది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో ఈ పని జరుగుతుండగా చూశాము. గొట్టం ఒక పక్కనుండి తాపీగా చుట్ట మధ్యకు పోయి, రెండవ పక్క నీటి జల్లులోనుండి బయటికి వస్తున్నది. చుట్ట కూడా రాగి గొట్టమే. దాని లోపల చన్నీళ్ళు పారుతున్నవి. పక్కనే నిప్పువంటి వేడి పుట్టిస్తూ తాను మాత్రం చేతికి చల్లగా ఉండే ఆ చుట్టను చూసి మాతో వచ్చిన ఒక సంఘ అధ్యక్షుడు "అత్తగారి కోపం వంటిది" అన్నాడు. ఎవరి అత్తగారో మేము అడగలేదు. గొట్టం నల్లబడకుండా గాలికి బదులు నైట్రోజన్ వంటి రక్షణ వాయువు మధ్య నడుపుతారు. వేగం, కరెంటు ఒకసారి సరిచేస్తే మొదటి అడుగు నుండి చివరి అడుగు దాకా ఒకే వేడి. మెకానిక్కు కంటిచూపు మీద, ఎండ మీద ఆధారపడవలసిన పని లేదు. మాకు నచ్చిన గుణం ఇదే.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. ఇండక్షన్ యంత్రంలో వేల ఆవర్తనాలు. ఆవర్తనాలు పెరిగినకొద్దీ సుడులు లోహపు పైపొరలోనే తిరుగుతాయి. చల్లని రాగిలో 50 ఆవర్తనాల దగ్గర ఆ లోతు 9 మిల్లీమీటర్లకు పైన. 10,000 దగ్గర ముప్పాతిక మిల్లీమీటరుకంటె తక్కువ. కూలరు గొట్టం గోడ దాదాపు ఒక మిల్లీమీటరు మందమే గనుక దానికి తగిన ఆవర్తనాలు ఎన్నుకోవలసి ఉంటుంది.

ఇంతవరకు విన్న ఆ సంఘం కార్యదర్శి ఒక ప్రయోగం చేసి మాకు చెప్పాడు. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉన్నది కదా అని గట్టి గొట్టం ముక్క దాని మీద పెట్టాడట. పొయ్యి కీచుమని మొత్తుకుని ఆగిపోయింది. భార్య చేత మాట పడడం తప్ప ఫలితం లేదు. కారణం చెప్పుకోదగినది. ఇంటి పొయ్యిని అయస్కాంతం అంటుకునే ఇనుప అడుగు పాత్రకు తగినట్టు చేస్తారు. ఇనుములో కరెంటుకు అడ్డు ఎక్కువ, అయస్కాంత గుణం కూడా తోడవుతుంది, కనుక సులువుగా కాగుతుంది. రాగి కరెంటుకు రాజమార్గం. అడ్డు లేనిచోట వేడి తక్కువ. అందుకే రాగిని ఇండక్షన్‌తో కాల్చడానికి దానికోసమే చేసిన చుట్ట, బలమైన యంత్రం కావాలి. అప్పటికీ వాడిన శక్తిలో సుమారు సగం చుట్టలోనే వేడిగా మారి చన్నీళ్ళలో కలిసిపోతుంది. కరెంటు బిల్లు చూస్తే ఇది చవక పని కాదు. ఇది చిన్న సంఘం కొనవలసిన యంత్రమని మేము చెప్పడం లేదు. గొట్టం చేసేవాడి దగ్గర ఉండవలసిన యంత్రం. మనం చేయవలసినది ఆ పని జరిగిన గొట్టాన్ని అడిగి కొనడం.

పాలు పారే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల సంగతి వేరు. 304 రకం స్టీలులో సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు. దానిని మెత్తబరచాలంటే 1040 డిగ్రీల పైన కాల్చి వెంటనే చల్లార్చాలి. 850, 450 డిగ్రీల మధ్య ఆలస్యం చేస్తే క్రోమియం కొంత కార్బనుతో కలిసి రేణువుల అంచులకు చేరుతుంది, ఆ అంచుల పక్కన స్టీలు తుప్పుకు లోబడుతుంది. క్లోరిన్ కలిసిన నీటితో కడిగే పాలగొట్టానికి అది హాని. కాబట్టి స్టీలు గొట్టాన్ని ఊరి వెల్డరు చేత కాల్పించి వంచే ఆలోచన పెట్టుకోవద్దని మనవి. అమ్మోనియాతో నడిచే పెద్ద శీతలీకరణ కేంద్రాలలో మరొక నియమం. అమ్మోనియా రాగిని తినివేస్తుంది, కనుక ఆ గ్యాసు పారే దారిలో రాగి గొట్టం వేయనే కూడదు.

మళ్ళీ మన సంఘానికి వద్దాము. గట్టి గొట్టం ఎట్లా వచ్చిందని కొనుగోలు కాగితాలు తీశాము. రెండు కొటేషన్లు. రెండింటిలోనూ ఒకటే మాట: 'రాగి గొట్టం, అర అంగుళం'. గట్టిదో మెత్తనిదో ఎవరూ వ్రాయలేదు. ఎక్కువ ధర వేసిన దుకాణం చుట్టగా వచ్చే మెత్తని గొట్టం ఇవ్వదలచింది. తక్కువ ధర దుకాణం తిన్నని కర్రల వలె ఉన్న మిగులు ముక్కలు ఇచ్చింది. సంఘం తక్కువ ధర తీసుకున్నది. ఎందుకు తీసుకున్నదని అడిగితే కార్యదర్శి కాస్త తటపటాయించి అంతకు ముందటి సంవత్సరపు తనిఖీ నివేదిక తెచ్చి చూపాడు. "సార్, మీరే రాసిన్రు గద" అన్నాడు.

నిజమే. చుట్ట గొట్టం కొన్న వోచరు మీద 'తక్కువ ధర ఉండగా ఎక్కువ ధరకు కొనడం అభ్యంతరకరం' అని మేమే వ్రాసి ఉన్నాము. సంతకం మాది. రెండు కొటేషన్లలోని సరుకు ఒకటేనా అని అప్పుడు మేము అడగలేదు. అడగాలని మాకు తెలియదు. మా అభ్యంతరానికి భయపడి సంఘం చవక గొట్టం కొన్నది, గొట్టం పగిలింది, గ్యాసు పోయింది, పాలు పోయినవి, చివరకు కార్యదర్శి జీతానికి ఎసరు వచ్చింది. సగం వ్రాసిన రిమార్కు చించివేశాము. పాత అభ్యంతరం పొరబాటని, సర్‌చార్జీకి కారణం లేదని కొత్త రిమార్కు వ్రాసి, పగిలిన ముక్కను ఫైలుకు జత చేశాము. పాలకవర్గం తన తీర్మానం రద్దు చేసుకున్నది. ఆ పూట పాలు పోసిన రైతులకు సంఘం తన మిగులులోనుండి చెల్లించింది. రాత్రి ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో వ్రాయకపోవడం లోపమే, దానికి కార్యదర్శి హెచ్చరిక తీసుకున్నాడు. కాని చూసి ఉన్నా ఆ రాత్రి ఆ గొట్టాన్ని ఆయన అతికించగలిగేవాడు కాడు.

కనుక కొటేషను పిలిచే సంఘాలు ఇట్లా వ్రాయండి: 'శీతలీకరణ తరగతి, మెత్తబరచిన రాగి గొట్టం, చుట్టగా, రెండు కొసలు మూసినది', దానితో బాటు బయటి కొలత, గోడ మందం. కొసలు మూసి ఉండాలని ఎందుకంటున్నామంటే లోపల తేమ, దుమ్ము చేరితే కంప్రెసరు చెడుతుంది. కరెంటు పనుల తుక్కులో దొరికిన రాగి పనికి రాదు. కూలరు గొట్టాలకు భాస్వరం స్వల్పంగా కలిపి ఆక్సిజన్ తీసివేసిన రాగి వాడతారు. ఆక్సిజన్ మిగిలిన రాగిని హైడ్రోజన్ ఉన్న మంటలో కాలిస్తే లోపలే ఆవిరి పుట్టి పెళుసవుతుంది.

సరుకు చేరగానే కార్యదర్శి ఒక పరీక్ష తానే చేయవచ్చు. చుట్టనుండి మూరెడు గొట్టం విప్పి చేతితో నెమ్మదిగా పెద్ద వంపు తిప్పి చూడండి. మెత్తనిది మాట వింటుంది. గట్టిది స్ప్రింగు వలె ఎదురు తిరుగుతుంది, లేదా నలిగి మడత పడుతుంది. తిన్నని గట్టి గొట్టం అసలే వాడకూడదని కాదు. పొడవైన తిన్నని దారికి అది బాగుంటుంది. కాని దానిని ఫ్లేరు తీయకుండా బ్రేజింగుతో అతికించాలి, లేదా కొసలు మెత్తబరచిన తరువాతనే ఫ్లేరు తీయాలి. ఇండక్షన్ యంత్రం ఉన్న వర్క్‌షాపులో కొసలు మెత్తబరిపించుకుంటే అన్నిటికంటె మేలు. ఒకసారి విప్పి బిగించిన ఫ్లేరును మళ్ళీ మళ్ళీ బిగిస్తే అది కూడా బిరుసెక్కుతుంది. పాత మూతి కోసివేసి కొత్త మూతి తీయించండి.

కారడం కనిపెట్టడానికి యంత్రమేమీ అక్కరలేదు. గ్యాసుతో బాటు కొద్దిగా నూనె కూడా వస్తుంది. నట్టు దగ్గర జిడ్డు మరక, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే అనుమానించండి. తాండూరు వైపు సంఘాలలో బండల పాలిషు దుమ్ము ఎటూ గాలిలో ఉంటుంది గనుక ఆ మరక ఇంకా త్వరగా కనిపిస్తుంది. అక్కడ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నవేమో చూడండి. బుడగ వచ్చినచోటు సరిచేసిన తరువాతనే గ్యాసు నింపమని మెకానిక్కుకు చెప్పండి. ఎక్కడ కారినది, ఏ గొట్టం మార్చినది, గట్టిదా మెత్తనిదా అన్న మూడు ముక్కలు బిల్లు వెనుక వ్రాయించి సంతకం తీసుకోండి. రాబోయే తనిఖీలలో మేము మొదట అడిగేది అదే. కోసి తీసిన పాత ముక్కను పారవేయకుండా వోచరుకు దారంతో కట్టి ఉంచండి.